గిడుగు రామమూర్తి పంతులుగారి ప్రౌఢవిద్యాభ్యాసము

విద్య బాల్యముననే గాని ప్రౌఢవయస్సున అబ్బదను మాట మన వాడరేవు ప్రాంతమున తరచుగా వినవచ్చుచుండును. అయినను ప్రత్తి, మిరప పండించువారికి బిందుసేద్యపు పనిముట్లను, మరపడవ నడుపువారికి దిక్కు చూపు యంత్రమును నేడు నేర్వక తప్పదు. అట్టి సోదరులకు మార్గదర్శకమగునని తలంచి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

పంతులుగారు 1863 ఆగష్టు 29వ తేదీన శ్రీకాకుళ ప్రాంతమున పర్వతాలపేటయందు జన్మించిరి. బాల్యముననే పితృవియోగము కలిగెను. 1880లో పర్లాకిమిడి రాజాగారి పాఠశాలలో ఉపాధ్యాయులై, ఉద్యోగము చేయుచునే చదివి పట్టభద్రులైరి. సమీపమున నున్న ముఖలింగ దేవాలయ శాసనములను చదువ గోరి, ప్రాచీనలిపిని స్వయంకృషిచే నేర్చి, గాంగరాజుల కళింగనగరము ముఖలింగమే యని ప్రతిపాదించిరి.

అంతకంటె కఠినమైనది సవరభాష. అది తెలుగునకు జ్ఞాతి గాదు, ముండాభాషలలోనిది. అప్పటికి దానికి లిపి లేదు. సంస్కృతవ్యాకరణమునందలి పాండిత్యము అచట అక్కరకు రాదు. పంతులుగారు సవర తెలిసినవానిని తమ యింట నుంచుకొని, నిరక్షరాస్యులైన సవరలకు తాము శిష్యులై, మాటలను, కథలను, పాటలను విన్నవి విన్నట్లు వ్రాసికొనిరి. ప్రయోగములు సమకూడిన పిమ్మటనే సూత్రములను వెదకిరి. తెలుగు అక్షరములకు లొంగని ధ్వనులు తారసిల్లగా ధ్వనిశాస్త్రమును అభ్యసించిరి.

ఇంతలో మన్యపు జ్వరమునకు సేవించిన క్వినైను వారి వినికిడిని హరించెను. ధ్వనులను పరిశోధించువారికి ఇంతకంటె కఠినపరీక్ష కలదా? అయినను పూనిన పని విడువరైరి. 1931లో సవర వ్యాకరణమును, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. కడపటి గ్రంథము వెలువడు నాటికి వారికి సుమారు 75 ఏండ్లు. 1940 జనవరి 22వ తేదీన కీర్తిశేషులైరి.

గ్రాంథికముననే వ్రాయు మేము భాషావాదమున వారి పక్షమువారము కాకున్నను, వారి విద్యార్థిత్వమునకు నమస్కరించుచున్నాము. ప్రౌఢుడు క్రొత్తశాస్త్రమును పరిభాషతో నారంభింపక, చేతికందిన వస్తువుతో నారంభింపవలెను. దానితో నిత్యము మెలగువారు వయస్సునను, చదువునను తక్కువవారైనను వారి నడుగుటకు సిగ్గుపడరాదు. నేర్చినది నాటికి నాడు వ్రాసి, పోల్చి చూచి, సందేహము పుట్టినపుడు గ్రంథమును తెరవవలెను. అట్లు తెరచిన గ్రంథమున పరిభాష సులభముగా బోధపడును. పెద్దలకు విద్య అబ్బకుండుటకు వయస్సుకంటె పెద్దరికమే తరచుగా కారణము.

బాలుర విద్యకు ద్రవ్యమొసగు మన పోషకులు ప్రౌఢులకును ఒక రాత్రిపాఠశాల నెలకొల్పుటకు పూనుకొందురు గాక యని ప్రార్థించుచున్నాము.