పొడపాముకి ఆ దొర పేరెందుకొచ్చింది?

దివిసీమలో వరికోతల కాలం వచ్చిందంటే రైతుకి, కూలికి రెండు భయాలు. ఒకటి తుపాను, రెండోది పొడపాము. పుస్తకాల్లో రక్తపింజరి అని రాస్తారు గానీ మన అమ్మమ్మలకి అది పొడపామే. అదే పాముని ప్రపంచమంతా ఓ మనిషి పేరు పెట్టి పిలుస్తది, రస్సెల్స్ వైపర్ అని. ఎవరీ రస్సెల్? మన చేలో పాముకి ఆయన పేరేంటి? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ కథ తెలిస్తే రేపు మీ గట్టు మీద ఓ మనిషి ప్రాణం నిలబడొచ్చు, ఓ పాము ప్రాణం కూడా.

పాట్రిక్ రస్సెల్ 1726లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. వైద్యం చదివాడు. 1750లో సిరియా దేశంలోని అలెప్పో పట్నం వెళ్లి, అక్కడి ఇంగ్లీషు వర్తకులకి డాక్టరుగా పనిచేశాడు. 1760 నుంచి 1762 దాకా అక్కడ ప్లేగు విరుచుకుపడింది. రస్సెల్ పారిపోకుండా అక్కడే ఉండి, ఆ జబ్బు ఎలా మొదలవుద్ది, ఎలా పాకుద్ది అని రాసుకున్నాడు. భయపెట్టేదాన్ని దగ్గరగా చూసి రాసుకోవడం ఆయనకి అక్కడే అలవాటైంది.

యాభై దాటాక, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో ఉన్న సోదరుడు క్లాడ్‌తో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ని మన తీరానికి ప్రకృతి పరిశోధకుడిగా పెట్టుకుంది. కంపెనీకి కావాల్సింది లాభం తెచ్చే మొక్కలు. రస్సెల్ మొక్కలూ చూశాడు, చేపలూ చూశాడు. కానీ ఆయన మనసు పట్టింది పాముల మీద.

ఎందుకంటే జనం పాము కాటుకి చచ్చిపోతన్నారు. ఏ పాముకి విషముందో, దేనికి లేదో తలా ఓ మాట చెప్పేవాళ్లు. విషంలేని పాము కరిచినోడికి ఏ మందేసినా బతుకుతాడు, పేరు మాత్రం మందుకొస్తది. నిజంగా విషమెక్కినోడికి అదే మందేస్తే పోతాడు, అప్పుడు తప్పు తలరాతది. ఈ చిక్కు విడాలంటే ముందు పాములు తెలియాలి.

అందుకని పాములు పట్టేవాళ్ల చేత పాములు తెప్పించుకున్నాడు. పొట్ట కింద పొలుసులు లెక్కపెట్టాడు, తోక కింద లెక్కపెట్టాడు, నోరు తెరిచి కోరలు వెతికాడు. రంగు చూసి, పొలుసు చూసి విషం చెప్పలేమని, కోరలే నమ్మకమైన గుర్తని తేల్చాడు. అప్పట్లో బాగా పేరున్న తంజావూరు మాత్రల్లో పాషాణం ఉండేది. వాటినీ పరీక్షకి పెట్టాడు. దీనికోసం కోళ్లని, కుక్కల్ని పాములతో కరిపించాడు. ఈరోజు చూస్తే అది క్రూరమే, దాన్ని దాచక్కర్లేదు. ప్రాణం నిలబెట్టే మందు మాత్రం ఆయనకి దొరకలేదు.

1789లో ఇంగ్లండు తిరిగెళ్లాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం బొమ్మలతో సహా అచ్చయింది. నలభైకి పైగా పాములు అందులో ఉంటే, విషకోరలున్నవి కొన్నే. ఇంకో గొప్ప సంగతి, పాములకి మన తెలుగు పేర్లే రాశాడు. పొడపాముని కాటుక రేకుల పొడ అన్నాడు. ఇంకోదాన్ని బంగారు పాము అని రాశాడు. ఆ బంగారంలోంచే కట్లపాముల జాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. 1797లో పొడపాముకి రస్సెల్ పేరు పెట్టారు. ఆయన 1805 జులై 2న లండన్లో చనిపోయాడు. పాములు పట్టి తెచ్చినవాళ్లు, ఆ పేర్లు నేర్పినవాళ్లు మాత్రం ప్రసిద్ధులు కాలేదు.

ఆయన పోయిన తొంభై ఏళ్లకి విషానికి విరుగుడు సీరం వచ్చింది. మన దేశంలో ఇప్పుడు వాడే మందు నాగుపాము, కట్లపాము, పొడపాము, ఇసుక పింజరి నాలుగింటికీ పనిచేస్తది. దానికి కావాల్సిన విషాన్ని తమిళనాడులో ఇరుళ గిరిజనులు పాముల్ని పట్టి, పిండి, మళ్లీ వదిలేసి ఇస్తన్నారు. అంటే కర్రతో కొట్టి చంపిన పాము మందివ్వదు. బతికున్న పామే మందిస్తది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు ఎక్కువైతే మోపిదేవిలో సర్పయాగం పెట్టారు. ఎవరి భక్తి వాళ్లది, నేను కాదనను. కానీ యాగంతో పాటు చేలోకెళ్లే కూలికి మోకాలి దాకా బూట్లు, చేతికో టార్చిలైటు ఇయ్యాలి కదా? పాము మనకోసం రాదు, ఎలక కోసం వస్తది. ఒడ్లు చిందరవందరగా పడుంటే ఎలకలొస్తాయి, గడ్డివాము ఇంటిగోడకి ఆనించి ఉంటే పాముకి అక్కడే కాపరం. మా ఊళ్లో కుర్రాళ్లు ఫోన్లో వీడియో తీసుకుంటా ఓ జెర్రిపోతుని చంపడం చూశాను. దానికి విషం లేదు. ఎలకల్ని తిని పంట కాపాడేది. రస్సెల్ రెండొందల ఏళ్ల కిందట చేసిన పని, ముందు చూసి తర్వాత తేల్చుకోవడం, మనం ఇంకా నేర్చుకోలేదు.

పొడపాము కదలకుండా పడుంటది. దగ్గరకెళ్తే కుక్కర్ కూతలా బుసకొడతది. అది పొమ్మని చెప్పడం. ఆగి, వెనక్కి జరగండి. ఇంట్లో దూరితే కర్ర తీయొద్దు, అటవీశాఖకో, శిక్షణ ఉన్న పాములోళ్లకో ఫోన్ చేయండి. నేల మీద పడుకుంటే దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపండి, కట్లపాము రాదు.

కాటు పడితే కోయొద్దు, పీల్చొద్దు, బిగించి కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదపనీయకండి, నడిపించకండి. 108కి ఫోన్ చేసి తిన్నగా ఆస్పత్రికి. పొడపాము విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు, కిడ్నీల్ని దెబ్బతీస్తది. నాటుమందు దగ్గర కూర్చున్న ప్రతి గంటా దానికి కలిసొస్తది. చచ్చిన పాముని సంచిలో వేసుకెళ్లక్కర్లేదు. దూరం నుంచి ఫోటో తీయగలిగితే సరే, లేకపోయినా డాక్టరు లక్షణాలు చూసి వైద్యం చేస్తాడు.

చివరిగా ఒక పని. మీది నాగాయలంకైనా, కోడూరైనా, గుడివాడ పక్క పల్లె అయినా, బందరు శివారైనా, ఈ వారం మీ దగ్గరి పీహెచ్‌సీకి వెళ్లండి. పాము కాటు మందు ఎన్ని సీసాలున్నాయి, రాత్రిపూట ఎక్కించేవాళ్లు ఎవరున్నారు అని మర్యాదగా అడగండి. లేవంటే రాసిమ్మనండి. రస్సెల్ చేతిలో లేని మందు మన కాలంలో ఉంది. అది కాటు పడిన కూలికి అందుతుందా లేదా అన్నదే ఇప్పటి లెక్క.