సెలవు పెట్టి పూర్తి చేసిన పని

నా ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ ఉంది. మొదలుపెట్టి సగంలో వదిలేసిన ప్రాజెక్టులన్నీ అందులోనే పడేస్తాను. మా ఊరి పాత ఇళ్ల ఫొటోల సిరీస్ కూడా అందులోనే ఉంది. నలభై ఇళ్లు తీద్దామనుకుని పదిహేను దగ్గర ఆగిపోయాను. ఎవరైనా అడిగితే టైం లేదంటాను. లాలా దీన్‌దయాళ్ గురించి చదివాక మాత్రం ఆ మాట అనడానికి కొంచెం సిగ్గేస్తోంది.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టాడు. చదివింది మనలాగే ఇంజనీరింగ్. రూర్కీలోని థామసన్ కాలేజీ, అంటే ఇప్పటి ఐఐటీ రూర్కీ. 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కట్టడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టడం, ప్లాన్లు గీయడం ఆయన పని. స్థిరమైన సర్కారు ఉద్యోగం.

కెమెరా పట్టింది 1874లో, ముప్పై ఏళ్ల వయసులో. అప్పట్లో ఫొటో తీయడం అంటే మన ఫోన్‌లో నొక్కినంత సులువు కాదు. తడి ప్లేటు పద్ధతిలో గాజు పలకకి మందు పూసి, అది ఆరిపోకముందే ఫొటో తీసి, వెంటనే డెవలప్ చేయాలి. ఊరు దాటితే డార్క్‌రూమ్ టెంటు కూడా మోసుకెళ్లాలి. మన ఎండలకి ఆ మందు ఎంత త్వరగా ఆరిపోయేదో ఊహించండి!

ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు ఆయన్ని ప్రోత్సహించాడు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశం వచ్చినప్పుడు ఆ పర్యటనని ఫొటోలు తీశాడు. తర్వాత లెపెల్ గ్రిఫిన్ అనే బ్రిటిష్ అధికారితో కలిసి బుందేల్‌ఖండ్ తిరిగి కోటలు, గుళ్లు తీశాడు. ఇదంతా ఉద్యోగంలో ఉంటూనే. ఆ కట్టడాల ఫొటోల్లో నిలువు గీతలు నిటారుగా, కొలిచి గీసినట్టు ఉంటాయి. పగలంతా ప్లాన్లు గీసిన చెయ్యి కదా మరి.

నన్ను ఆపేసిన విషయం ఇక్కడే ఉంది. పేరొచ్చింది కదా అని ఆయన వెంటనే రాజీనామా చేయలేదు. రెండేళ్లు సెలవు పెట్టాడు. విశ్రాంతికి కాదు, తను మొదలుపెట్టిన ఫొటోల సిరీస్‌ని పూర్తి చేయడానికి. అది పూర్తయి, జనం ఆ ఫొటోలు కొంటున్నారని తేలాకే పెన్షన్ తీసుకుని ఉద్యోగం వదిలాడు. గ్రిఫిన్‌తో తిరిగి తీసిన ఫొటోల్లో 86 ఫొటోలతో 1886లో మధ్య భారత కట్టడాల పుస్తకం వచ్చింది. ఉద్యోగం నచ్చక పారిపోయినవాడిలా కాకుండా, రెండు పనులనీ సరిగ్గా ముగించి బయటికొచ్చినవాడిలా కనిపిస్తాడు నాకు.

ఆ తర్వాతి కథ మన దగ్గరే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో విడిగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకి అప్పగించాడు. 1894లో నిజాం ఆయనకి రాజా బిరుదిచ్చాడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచాడు. నిజాం దర్బారు, వేటలు మాత్రమే కాదు, కరువు సహాయక పనుల దగ్గర నిలబడ్డ బక్కచిక్కిన జనాన్ని కూడా ఆయన స్టూడియో ఫొటోలు తీసింది.

1904లో కొడుకు ధరమ్‌చంద్ పోయాడు. మరుసటి ఏడాది జూలై 5న బొంబాయిలో దీన్‌దయాళ్ కన్నుమూశాడు. అంత పెద్ద వ్యాపారం ఆయన తర్వాత అదే స్థాయిలో నిలవలేదు. కానీ గాజు పలకలు నిలిచాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 నెగటివ్‌లని కొని భద్రపరిచింది. వాటివల్లే నూట ముప్పై ఏళ్ల కిందటి హైదరాబాద్‌ని ఈరోజు మనం చూడగలుగుతున్నాం.

మా ఊళ్లో నేను తీయాల్సిన ఇళ్లు ఇంకా ఇరవై అయిదు ఉన్నాయి. అందులో రెండు ఈమధ్యే కూల్చేశారట. సెమిస్టర్ సెలవులు మూడు వారాలు. ఈసారి కొత్త ప్రాజెక్టు ఏదీ మొదలుపెట్టను.