ఫుటూనా ద్వీపపు వేదసాక్షి పునీత పేతురు షనేల్

ఏప్రిల్ 28వ తేదీన శ్రీసభ పునీత పేతురు షనేల్ గారి స్మరణోత్సవం జరుపుకుంటుంది. ఓషియానియా ఖండానికి ఆయన పాలక పునీతులు. ఆయన పేరు విన్నవారున్నా, రక్తం చిందించిన చోటు ఎక్కడుందో ఎరిగినవారు మన విచారణల్లో తక్కువే.

ఆ చోటు పసిఫిక్ మహాసముద్రంలో, ఫిజీకి ఈశాన్యాన ఉన్న ఫుటూనా ద్వీపం. దాని విస్తీర్ణం 46 చదరపు కిలోమీటర్లు, 2018 లెక్కల ప్రకారం జనాభా సుమారు 3,200. ఆ ద్వీపం ఫ్రాన్సు ఏలుబడిలో ఉంది. యాత్రికులు ముందు వాలిస్ ద్వీపం చేరి, అక్కడి నుండి చిన్న విమానంలో సుమారు 230 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. దిగాక తీరం వెంబడి బాట పట్టుకుని తూర్పున ఉన్న పోయ్ గ్రామానికి వెళ్తే, అక్కడ పునీతుని పేరిట బసిలికా దేవాలయం కనిపిస్తుంది. ఇప్పుడు ద్వీపవాసులు దాదాపు అందరూ కతోలికులే. అయితే పేతురు గారు ఇక్కడ శ్రమించిన మూడున్నర సంవత్సరాలలో వారిలో సత్యవేదంలో చేరినవారు బహు కొద్దిమంది.

ఆయన 1803 జూలై 12న ఫ్రాన్సు దేశంలో, బ్రెస్ ప్రాంతపు రైతు కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలో గొర్రెలు కాచేవారు. పొరుగు విచారణ గురువు ఆ పిల్లవాని చురుకుదనాన్ని, భక్తిని గమనించి చదువు చెప్పించారు. 1827లో గురుపట్టం పొందారు. పిమ్మట క్రోజె అనే గ్రామ విచారణకు పంపారు. అక్కడ విశ్వాసం చల్లారి ఉంది. ఆయన గొప్ప ప్రసంగాలేవో చేసి వారిని మార్చలేదు. వ్యాధిగ్రస్తుల ఇండ్లకు వెళ్ళి, వారి పక్కన కూర్చున్నారు. మూడేండ్లలో గుడి నిండింది.

మనసు మాత్రం దూర దేశాల మీదే ఉండేది. 1831లో, అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న మరియ సభలో చేరారు. తీరా చేరాక ఆయనకు అప్పగించిన పని బెల్లె గురువిద్యాలయంలో పిల్లలకు పాఠాలు చెప్పడం! ఐదేండ్లు ఆ పనే చేశారు. 1836లో పదహారవ గ్రెగోరి పోపు గారు మరియ సభను ఆమోదించి, పశ్చిమ ఓషియానియా వేదప్రచారాన్ని దానికి అప్పగించారు. ఆ సంవత్సరం డిసెంబరు 24న, క్రీస్తు జయంతికి ముందురోజు, పొంపాలియె మేత్రాణుల బృందంతో కలిసి ఆయన ఓడ ఎక్కారు. దక్షిణ అమెరికా చుట్టూ తిరిగి, పది నెలలకు పైగా సాగిన ప్రయాణమది. దారిలో సహచర గురువు ఒకరు జ్వరంతో మరణించగా దేహాన్ని సముద్రానికే అప్పగించవలసి వచ్చింది. 1837 నవంబరులో ఫుటూనా చేరారు. మేత్రాణులు ఆయనను, సహోదరుడు మరి నిజియెను అక్కడ దింపి ముందుకు సాగిపోయారు.

అప్పుడు ద్వీపంలో రెండు రాజ్యాలు ఉండేవి. ఒకదానితో ఒకటి ఎప్పుడూ పోరే. 1839లో పెద్ద యుద్ధమే జరిగింది. పేతురు గారు రెండు పక్షాల గాయాలకూ కట్లు కట్టారు. ఆలో రాజ్యాన్ని ఏలే నియులికి మొదట్లో అతిథులను ఆదరించాడు. భాష రానందువల్ల తొలి రోజుల్లో సువార్త చెప్పడానికి నోరే లేదు. ఆయన ఓపికగా ఒక్కొక్క మాట నేర్చుకున్నారు, తోట వేసుకున్నారు, రోగులను చూశారు, దినచర్య రాసుకున్నారు. జ్ఞానస్నానం ఇచ్చింది ఎక్కువగా చావు బతుకుల మధ్య ఉన్న పసిబిడ్డలకు, వృద్ధులకు. ఆయనను మంచి మనసున్న మనిషి అని జనం పిలుచుకున్నారు గాని, ఆయన వేదంలో చేరడానికి ముందుకు రాలేదు.

కారణం లేకపోలేదు. ద్వీపపు దేవుడు రాజులోనే నివసిస్తాడని వారి నమ్మకం. పాత దేవుళ్ళు పోతే రాజు అధికారమూ పోతుంది. గురువు మాటలు అర్థమయ్యే కొద్దీ నియులికికి ఈ సంగతీ అర్థమైంది. ఆహారం పంపడం తగ్గించాడు. తోటలోని పంట దొంగల పాలయ్యింది. చివరికి సొంత కుమారుడు మెయితాల, తాను క్రైస్తవుణ్ణి అవుతానన్నాడు. రాజు ఇక ఓర్వలేకపోయాడు.

1841 ఏప్రిల్ 28 తెల్లవారుజామున రాజు అల్లుడు ముసుముసు తన మనుషులతో మెయితాల మీద, ఉపదేశం వింటున్న యువకుల మీద పడి గాయపరిచాడు. అక్కడి నుండి పోయ్ గ్రామానికి వచ్చాడు. తన గాయానికి మందు కావాలన్నాడు. అడిగినవారికి లేదనడం ఎరుగని పేతురు గారు మందు కోసం లోపలికి వెళ్ళగానే మిగిలినవారు చొరబడ్డారు. దుడ్డుకర్రతో కొట్టారు, ఈటెతో పొడిచారు. కడపట ముసుముసే గొడ్డలివంటి పనిముట్టుతో తలపై కొట్టి చంపాడు. అప్పటికి ఆయనకు 37 ఏండ్లు. ఆ రోజు ద్వీపం అవతలి వైపున ఉన్న సహోదరుడు మరి నిజియె, తర్వాత ఒక అమెరికా ఓడలో వాలిస్‌కు తప్పించుకున్నారు.

నియులికి కొద్దికాలానికే చనిపోయాడు. 1842 ఆరంభంలో ఫ్రెంచి యుద్ధనౌక ఒకటి, మిషను ఓడ ఒకటి వచ్చాయి. జనం ఫిరంగులకు భయపడి ఉంటారు. కాని వచ్చినవారు దేహాన్ని తీసుకుని న్యూజీలాండుకు మరలిపోయారు. కొన్ని నెలలకు పొంపాలియె మేత్రాణులు గురువులతో మళ్ళీ వచ్చారు. మరి నిజియె కూడా తన తోడు గురువును చంపిన మనుషుల మధ్యకే తిరిగి వచ్చారు! ఆ రాకతోనే వందమందికి పైగా జ్ఞానస్నానం పొందారు. కొద్ది సంవత్సరాలలోనే ద్వీపమంతా క్రైస్తవమైంది.

పేతురు గారి అస్థికలు 1850లో ఫ్రాన్సుకు చేరాయి. 1889లో ఆయనను ధన్యునిగా, 1954 జూన్ 12న పన్నెండవ పయస్ పోపు గారు పునీతునిగా ప్రకటించారు. తమ పునీతుణ్ణి తమకు ఇవ్వమని ఫుటూనా ప్రజలు కోరుతూ వచ్చారు. 1977లో పరిశుద్ధ అవశేషాలు ద్వీపానికి తిరిగి వచ్చాయి. ఇప్పుడు పోయ్‌లోనే ఉన్నాయి.

ముసుముసు కూడా జ్ఞానస్నానం పొందాడు. మరణించే ముందు ఒక కోరిక కోరాడు. తనను పోయ్ గుడి బయట పాతిపెట్టాలని, గురువుకు నమస్కరించడానికి లోపలికి వెళ్ళేవారు తన సమాధి మీద అడుగు వేసి వెళ్ళాలని.