105 డిగ్రీల జ్వరంలోనూ భర్తకు క్రిస్మస్ గిఫ్ట్ పంపింది.. ఓ. హెన్రీ జీవితంలో జరిగిన అసలు కథ ఇదే!

డిసెంబర్ వచ్చిందంటే చాలు.. ఫోన్లలో గిఫ్టుల సందడి మొదలవుతుంది. ఎప్పుడూ ముఖాముఖి కలవని ఆన్‌లైన్ ఫ్రెండ్స్ కూడా ఎవరికి ఏం కావాలో అడిగి లిస్టులు రాసుకుంటారు. సీక్రెట్ శాంటా చీటీలు తీస్తారు. కొరియర్ డబ్బా చేరగానే ఫొటో తీసి గ్రూపులో పెడతారు. ఈ గిఫ్టుల మాట వచ్చినప్పుడల్లా ప్రపంచమంతా గుర్తు చేసుకునే కథ ఒకటుంది. అదే 'ది గిఫ్ట్ ఆఫ్ ది మెజై'. జుట్టు అమ్మేసిన భార్య, గడియారం అమ్మేసిన భర్త కథ. దాన్ని రాసింది అమెరికా రచయిత ఓ. హెన్రీ.

కథ చాలామందికి తెలుసు. కానీ దాదాపు అలాంటి సంఘటనే అంతకు తొమ్మిదేళ్ల ముందు ఆయన సొంత ఇంట్లో జరిగిందని తెలిసినవాళ్లు తక్కువ. ఆ గిఫ్ట్ పంపింది ఆయన భార్య. దాన్ని అందుకునే సమయానికి ఆయన పోలీసులకు దొరక్కుండా వేరే దేశంలో తలదాచుకుంటున్నారు.

మందుల షాపులో మొదలైన జీవితం

ఓ. హెన్రీ అసలు పేరు విలియం సిడ్నీ పోర్టర్. 1862 సెప్టెంబర్ 11న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, గ్రీన్స్‌బరోలో పుట్టారు. తండ్రి డాక్టర్. మూడేళ్ల వయసులోనే తల్లి క్షయ వ్యాధితో చనిపోయింది. నానమ్మ, మేనత్త దగ్గర పెరిగారు. మేనత్త బడి నడిపేది. పుస్తకాల పిచ్చి పట్టించింది ఆవిడే.

ఆ తర్వాత బాబాయి మందుల షాపులో పనికి కుదిరారు. 19 ఏళ్లకే ఫార్మసిస్ట్ లైసెన్స్ వచ్చింది. ఖాళీ దొరికితే షాపుకొచ్చే వాళ్ల బొమ్మలు గీయడం ఆయన సరదా. మందులు కలిపే ఈ పనే ముందు ముందు తనను జైల్లో కాపాడుతుందని ఆయనకు అప్పుడు తెలీదు.

దగ్గు వదలకపోవడంతో 1882లో గాలి మార్పు కోసం టెక్సాస్ వెళ్లారు. కొన్నాళ్లు పశువుల రాంచ్‌లో ఉన్నారు. తర్వాత ఆస్టిన్ నగరానికి చేరారు. అక్కడే అథోల్ ఎస్టెస్ అనే అమ్మాయి పరిచయమైంది. ఆమెకు అప్పటికే క్షయ లక్షణాలున్నాయి. అందుకే ఇంట్లో పెళ్లికి ఒప్పుకోలేదు. ఇద్దరూ 1887 జూలై 1న ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్నారు.

ఆ రోజుల్లో ఆయనకు ప్రభుత్వ భూముల ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం. నెలకు 100 డాలర్ల జీతం. 1888లో కొడుకు పుట్టి కొన్ని గంటల్లోనే చనిపోయాడు. మరుసటి ఏడాది కూతురు మార్గరెట్ పుట్టింది. కథలు రాయమని, పత్రికలకు పంపమని భర్తను వెంటపడి ప్రోత్సహించింది అథోలే.

బ్యాంకు లెక్కల్లో తేడా.. రాత్రికి రాత్రే పరారీ

1891లో ఆస్టిన్‌లోని ఫస్ట్ నేషనల్ బ్యాంకులో టెల్లర్‌గా చేరారు. ఆ బ్యాంకులో లెక్కలు అంత పద్ధతిగా ఉండేవి కావు. 1894లో డబ్బు తగ్గిందని ఆరోపణలు వచ్చాయి. ఉద్యోగం పోయింది. బ్యాంకులో ఉండగానే మొదలుపెట్టిన 'ది రోలింగ్ స్టోన్' అనే హాస్య వారపత్రిక మీదే పూర్తిగా దృష్టి పెట్టారు. అది కూడా 1895లో మూతపడింది. హ్యూస్టన్ వెళ్లి ఒక దినపత్రికలో నెలకు 25 డాలర్ల జీతానికి చేరారు. రాతలు జనానికి నచ్చడంతో జీతం కూడా పెరిగింది. ఇక దారిన పడ్డట్టే అనుకునేలోపు పాత కేసు మళ్లీ లేచింది. 1896లో అరెస్ట్ చేశారు. మామగారు బెయిల్ ఇప్పించారు.

విచారణకు హాజరు కావాల్సిన రోజుకు ముందే ఆయన రైలు మారి న్యూ ఆర్లీన్స్ పారిపోయారు. అక్కడి నుంచి ఓడెక్కి మధ్య అమెరికాలోని హోండురాస్ చేరారు. అప్పట్లో నేరస్తులను అప్పగించే ఒప్పందం అమెరికాకు ఆ దేశంతో లేదు. నిజంగా తప్పు చేశారా, ఎవరి తప్పునో మోశారా అన్నది ఇప్పటికీ వాదనగానే ఉంది. పారిపోవడం మాత్రం ఆయన్ను మరింత ఇరికించింది.

మరో విషయం.. ఈ రోజు టీవీ చర్చల్లో తరచూ వినిపించే 'బనానా రిపబ్లిక్' అన్న మాటను పుట్టించింది ఈయనే. హోండురాస్ అనుభవాలతో రాసి, 1904లో వచ్చిన 'క్యాబేజెస్ అండ్ కింగ్స్' పుస్తకంలో ఆ మాట వాడారు.

లేస్ రుమాలు అమ్మి.. ఓవర్‌కోట్ కొని..

ఇక్కడే అసలు కథ ఉంది. భార్యను, కూతుర్ని కూడా హోండురాస్ రప్పించుకోవాలని ఆయన ప్లాన్. కానీ అథోల్ ఆరోగ్యం రోజురోజుకూ క్షీణిస్తోంది. పుట్టింట్లో ఉంటున్నా వాళ్లకు భారం కాకూడదని, ఏదైనా ఉద్యోగం చేసుకోవాలని బిజినెస్ కోర్సులో చేరింది. ఒంట్లో శక్తి లేక ఆ చదువూ ఆగిపోయింది.

1896 క్రిస్మస్ దగ్గర పడింది. భర్త ఎక్కడో సముద్రం అవతల ఒంటరిగా ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు. మంచం మీదున్న మనిషి ఏం చేయగలదు? ఆమె చేతి అల్లికతో ఒక లేస్ రుమాలు తయారు చేసింది. దాన్ని 25 డాలర్లకు అమ్మింది. ఆ డబ్బుతో ఓవర్‌కోట్, సెంటు, మరికొన్ని ఇష్టమైన వస్తువులు కొని, పెట్టెలో సర్ది భర్తకు పంపింది.

ఆ పెట్టె సర్దే సమయానికి ఆమెకు 105 డిగ్రీల జ్వరం.

ఆ సంగతి ఆయనకు తెలియదు. పెట్టెలో అది తప్ప అన్నీ ఉన్నాయి. తర్వాత విషయం తెలిశాక ఆయన ఇక అక్కడ ఉండలేకపోయారు. తిరిగి వెళ్తే అరెస్ట్ ఖాయం. అయినా బయల్దేరారు. 1897 ఫిబ్రవరిలో ఆస్టిన్ చేరి కోర్టుకు లొంగిపోయారు. భార్య పరిస్థితి చూసి విచారణను వాయిదా వేశారు. ఆమె పక్కనే ఉండి చూసుకున్నారు. 1897 జూలై 25న అథోల్ కన్నుమూసింది.

హోండురాస్‌లోనే ఉండిపోయి ఉంటే ఆయన జైలు తప్పించుకునేవారేమో. కానీ భార్య చివరి రోజుల్లో పక్కన ఉండేవారు కాదు. ఒక మనిషి తన స్వేచ్ఛనే ఇచ్చి ఆ కొన్ని నెలలు కొనుక్కున్నారు.

కూతురి కోసం జైలు నుంచి కథలు

1898 ఫిబ్రవరిలో కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. కాజేశారని తేల్చిన మొత్తం 854 డాలర్ల 8 సెంట్లు. శిక్ష ఐదేళ్లు. మార్చిలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ జైలుకు తరలించారు. ఖైదీ నంబర్ 30664.

చిన్నప్పుడు నేర్చిన మందుల పని ఇక్కడ అక్కరకొచ్చింది. జైలు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ డ్రగ్గిస్టుగా వేశారు. సెల్‌లో కాకుండా ఆస్పత్రి విభాగంలోనే పడుకునే వెసులుబాటు దొరికింది. రోగులంతా నిద్రపోయాక కూర్చుని కథలు రాసేవారు.

మార్గరెట్‌కు అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. నాన్న వ్యాపారం పని మీద దూరంగా ఉన్నాడనే ఆ పాపకు చెప్పారు. ఆయన జైలు నుంచి ఉత్తరాలు రాసేవారు. వాటిలో జోకులు ఉండేవి, ఆప్యాయత ఉండేది, జైలు మాట మాత్రం ఉండేది కాదు. కూతురి ఖర్చులకు, ఆమె గిఫ్టులకు సొంతంగా సంపాదించి పంపాలన్న పట్టుదలే ఆయన చేత కథలు రాయించిందని జీవిత చరిత్రకారులు చెబుతారు.

మరి జైలు నుంచి కథలు వస్తే పత్రికలు వేసుకుంటాయా? అందుకే రకరకాల మారుపేర్లు వాడారు. న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న ఒక స్నేహితుడి చేతికి కథలు చేరేవి. అక్కడి నుంచి పత్రికలకు వెళ్లేవి. రాసింది ఒక ఖైదీ అని ఎడిటర్లకు తెలిసేది కాదు.

1899 డిసెంబర్ 'మెక్‌క్లూర్స్' పత్రికలో వచ్చిన కథ మీద మొదటిసారి 'ఓ. హెన్రీ' అనే పేరు కనిపించింది. ఆ కథ కూడా క్రిస్మస్ గిఫ్ట్ కథే కావడం విశేషం. పేరు 'విజిలింగ్ డిక్స్ క్రిస్మస్ స్టాకింగ్'. ఊళ్లు పట్టుకు తిరిగే ఒక దేశదిమ్మరికి దారిలో బండిలో వెళ్తున్న ఒక చిన్న పాప నవ్వుతూ క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతుంది. తర్వాత ఆ పాప ఇంటికే దొంగలు కన్నం వేయబోతున్నారని అతడికి తెలుస్తుంది. పాప బండిలోంచి జారిపడిన మేజోడులోనే రాయి, చీటీ పెట్టి కిటికీలోంచి విసిరి ఆ కుటుంబాన్ని హెచ్చరిస్తాడు. ఒక చిన్న పలకరింపుకు అతడు ఇచ్చిన రిటర్న్ గిఫ్ట్ అది. కూతురికి దూరంగా క్రిస్మస్‌లు గడుపుతున్న తండ్రి రాసిన కథ అని తెలిసి చదివితే.. ఆ పాప నవ్వు వేరేలా కనిపిస్తుంది.

న్యూయార్క్‌లో వారానికో కథ

మంచి ప్రవర్తన కారణంగా 1901 జూలై 24న విడుదలయ్యారు. అత్తమామలు అప్పటికి పిట్స్‌బర్గ్ మారిపోయారు. అక్కడికి వెళ్లి 11 ఏళ్ల కూతుర్ని కలిశారు. 1902లో న్యూయార్క్ చేరారు. ఆ నగరంలో ఉన్న ఎనిమిదేళ్లలోనే 381 కథలు రాశారని లెక్క. 'న్యూయార్క్ వరల్డ్' ఆదివారం సంచికకు ఏడాదికి పైగా వారానికో కథ ఇచ్చారు. కథకు 100 డాలర్లు. ఒకప్పుడు నెలంతా మ్యాపులు గీస్తే వచ్చిన జీతం.. ఇప్పుడు ఒక్క కథకే వచ్చింది. అయినా చేతిలో డబ్బు నిలిచేది కాదు. అడిగినవాళ్లకు ఇచ్చేసేవారు, తాగుడూ ఎక్కువే.

1905 డిసెంబర్ 10న ఆ పత్రికలోనే 'ది గిఫ్ట్ ఆఫ్ ది మెజై' అచ్చయింది. బొమ్మలు వేసే ఆర్టిస్ట్ వచ్చి అడిగేసరికి కథ ఇంకా కాగితం మీదకే రాలేదట. పేద గది, మంచం మీద కూర్చుని మాట్లాడుకుంటున్న జంట.. ఇలా బొమ్మ మాత్రం చెప్పి పంపించి, ఆ తర్వాత కథ రాశారని చెప్పుకుంటారు.

కథేంటో క్లుప్తంగా.. డెల్లా దగ్గర ఉన్నది 1 డాలర్ 87 సెంట్లు. తెల్లారితే క్రిస్మస్. భర్త జిమ్ జీతం వారానికి 30 నుంచి 20 డాలర్లకు పడిపోయింది. ఆమె తన పొడవాటి జుట్టును 20 డాలర్లకు అమ్మి అతడి గడియారానికి గొలుసు కొంటుంది. అతడు ఆ గడియారాన్నే అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు తెస్తాడు. రెండు గిఫ్టులూ పనికిరాకుండా పోతాయి. కానీ ఒకరి కోసం ఒకరు ఏం వదులుకున్నారో ఇద్దరికీ అర్థమవుతుంది. మెజై అంటే బాల యేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు.

అథోల్ గురించే ఈ కథ రాశానని ఆయన చెప్పలేదు. కానీ లేస్ రుమాలు సంగతి తెలిసినవాళ్లకు డెల్లా కొత్త మనిషిలా అనిపించదు.

చివరి రోజులు.. సమాధి మీద చిల్లర

1907లో చిన్ననాటి స్నేహితురాలు సారా కోల్‌మన్‌ను పెళ్లి చేసుకున్నారు. అదీ ఎక్కువ కాలం సాగలేదు. తాగుడు ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1910 జూన్ 5న న్యూయార్క్‌లో చనిపోయారు. వయసు 47 ఏళ్లు. జైలుకు వెళ్లిన విషయాన్ని బతికినంత కాలం దాచారు. ఆయన పోయాక వచ్చిన జీవిత చరిత్రతోనే ఆ రహస్యం లోకానికి తెలిసింది. కూతురు మార్గరెట్ కూడా 1927లో క్షయతోనే కన్నుమూసింది. తండ్రి పక్కనే ఆమెను ఖననం చేశారు.

ఆయన కథలు మాత్రం ఆగలేదు. అమెరికాలో కథలకు ఇచ్చే ఓ. హెన్రీ అవార్డు 1919 నుంచి ఉంది. మన దగ్గర 2004లో అజయ్ దేవగన్, ఐశ్వర్యా రాయ్ నటించిన 'రెయిన్‌కోట్'కు గిఫ్ట్ ఆఫ్ ది మెజైనే ప్రేరణ. 2013లో వచ్చిన 'లుటేరా' సినిమా ఆయన 'ది లాస్ట్ లీఫ్' కథ ఆధారంగా తీసిందే.

నార్త్ కరోలినాలోని యాష్‌విల్‌లో, రివర్‌సైడ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. అక్కడికొచ్చే అభిమానులు పూలతో సరిపెట్టరు. సరిగ్గా 1 డాలర్ 87 సెంట్ల చిల్లర లెక్కపెట్టి రాయి మీద ఉంచుతారు. డెల్లా చేతిలో ఉన్నది అంతే కదా! ఆ చిల్లరంతా పోగు చేసి అక్కడి లైబ్రరీలకు ఇస్తారు. 854 డాలర్ల లెక్క తేలక జైలుకెళ్లిన మనిషి పేరు మీద.. ఎవరూ అడగకుండానే పైసా పైసా పోగవుతోంది.