నల్గొండ నుంచి నడిగడ్డ దాకా.. మెనోనైట్ మార్గదర్శి ఫ్రీసెన్

తుగ్గలి: తుంగభద్రకు ఆవలి నడిగడ్డలో మెనోనైట్ బ్రదరెన్ సంఘాలు వెలయడానికి తొలి బాట వేసిన పెద్ద అబ్రహాం ఫ్రీసెన్. ఆయుధం పట్టరాదన్నది మెనోనైట్ల నియమం. నాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో 1859లో ఆ శాఖకు చెందిన కుటుంబంలో ఆయన జన్మించారు. జర్మనీలోని హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో విద్యనభ్యసించి, 1889లో సతీమణి మరియాతో కలిసి భారతదేశానికి వచ్చారు.

రష్యా సంఘాలకు ఇక్కడ సొంత మిషన్ లేకపోవడంతో అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌లో చేరి, 1890లో నిజాం రాజ్యంలోని నల్గొండను కేంద్రంగా చేసుకున్నారు. తెలుగు నేర్చి పల్లెల్లో బోధించారు. స్వదేశంలోని విశ్వాసుల కానుకలే ఆ సేవకు ఆధారమయ్యాయి. ఆయన కృషి స్ఫూర్తితో అమెరికాలోని మెనోనైట్ బ్రదరెన్ సైతం 1899లో హైదరాబాదు ప్రాంతానికి మిషనరీలను పంపారు.

అనారోగ్యం వల్ల ఫ్రీసెన్ 1908లో ఈ నేలను వీడవలసి వచ్చింది. 1914లో ప్రపంచ యుద్ధం, 1917లో విప్లవం రావడంతో రష్యా నుంచి అందే సాయమూ నిలిచిపోయింది. అయినా ఆయన నాటిన మొక్క వాడిపోలేదు. తెలుగు బోధకులు, అమెరికన్ బాప్టిస్టులు ఆ సేవను కొనసాగించారు. 1937లో గద్వాల, మహబూబ్‌నగర్ కేంద్రాలు బాప్టిస్టుల నుంచి మెనోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చాయి.