యెరూషలేమును వెదకి వెళ్లిన చిత్రకారుడు – విలియం హోల్మన్ హంట్

తలుపు ముందు నిలబడి తడుతున్న ప్రభువు చిత్రం మనలో చాలామంది చిన్ననాటి నుండి ఎరిగినదే. చర్చి క్యాలెండర్ల మీద, సండే స్కూలు పుస్తకాల్లో, అమ్మమ్మ ఇంటి గోడ మీద ఏదో ఒక రూపంలో చూసే ఉంటాము. ప్రకటన గ్రంథం మూడవ అధ్యాయంలోని ఆ మాటకు లోకమంతా గుర్తుపట్టే రూపం ఇచ్చినవాడు విలియం హోల్మన్ హంట్ అనే ఆంగ్ల చిత్రకారుడు. అయితే ఆయన ప్రాణం పెట్టిన పని వేరొకటి. పరిశుద్ధ పట్టణాన్ని, అందులోని మనుషులను ఉన్నది ఉన్నట్టుగా చిత్రించాలని ఆయన నాలుగుసార్లు యెరూషలేము వెళ్లాడు.

హంట్ 1827 ఏప్రిల్ 2న లండన్‌లో పుట్టాడు. ఇంట్లో కలిమి లేదు. చిన్న వయసులోనే బడి మాని ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. రాయల్ అకాడమీ బడిలో మూడో ప్రయత్నానికి గాని సీటు రాలేదు. 1848లో మిల్లే, రొసెట్టి మొదలైన స్నేహితులతో కలిసి ప్రీ-రాఫెలైట్ సహోదర బృందాన్ని స్థాపించాడు. పాత చిత్రాలను చూసి కాపీ కొట్టకుండా, దేవుడు చేసిన సృష్టిని కళ్లతో చూసి గీయాలన్నది వారి పట్టుదల.

1851లో ఆయన "లోకమునకు వెలుగు" అనే చిత్రం మొదలుపెట్టాడు. సర్రేలోని ఒక తోటలో రాత్రివేళ చలిలో కూర్చుని, వెన్నెల ఎలా పడుతుందో చూస్తూ గీశాడు. తలుపు చుట్టూ కలుపు మొక్కలు, ప్రభువు తల మీద ముళ్ల కిరీటం, చేతిలో లాంతరు. తలుపుకు బయటివైపు పిడి లేదు. దాన్ని లోపలి నుండే తెరవాలి. అప్పటివరకు సందేహవాదిగా ఉన్న యువకుడు వాక్యాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టిన రోజులవి.

పేరు వస్తున్న ఆ సమయంలోనే, 1854 జనవరిలో, ఆయన లండన్ వదిలి బయలుదేరాడు. వద్దన్నవారు ఉన్నారు. ఆయన మాత్రం ఆగలేదు. ఐరోపా చిత్రకారులు శతాబ్దాలుగా యెరూషలేమును తమ ఊళ్లలాగే గీస్తూ వచ్చారు. గోపురాలు వారివే, దుస్తులు వారివే, ముఖాలూ వారివే. యేసు యూదుల మధ్య యూదుడిగా పెరిగిన మనిషి అని చూపించాలంటే ఆ నేలకు వెళ్లాలని హంట్ నమ్మాడు.

కైరోలో ఆయనకు తోటి చిత్రకారుడు థామస్ సెడన్ కలిశాడు. ఇద్దరూ కలిసి ఆ వేసవిలో యెరూషలేము చేరారు. సెడన్ పట్టణానికి దక్షిణాన ఉన్న కొండ మీద గుడారం వేసుకుని, యెహోషాపాతు లోయను, ఒలీవల కొండను, సిలోయము గ్రామాన్ని రాయి రాయి లెక్కపెట్టినట్టు గీశాడు. ఆ పని అయ్యాక మరోసారి తూర్పు దేశాలకు వెళ్లిన సెడన్ 1856లో కైరోలో జబ్బుపడి చనిపోయాడు. స్నేహితులు చందాలు పోగుచేసి ఆ చిత్రాన్ని కొని దేశానికి ఇచ్చారు. ఇప్పుడది లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది.

సెడన్‌కు కొండలు చాలు. హంట్‌కు మనుషులు కావాలి. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య దొరికిన సంఘటనను గీయడానికి ఆయన యూదా పెద్దలను తన ముందు కూర్చోబెట్టాలనుకున్నాడు. వారు భయపడ్డారు. మిషనరీల పక్షాన మతం మార్చడానికే వచ్చాడని అనుమానించారు. రబ్బీలు కట్టడి చేయడంతో వచ్చేవారు కూడా రావడం మానేశారు. వారి భయాన్ని మనం తేలిగ్గా తీసిపారేయలేము. ఒక చిన్న సమాజం తన పిల్లలను, తన ఆచారాలను కాపాడుకోవాలని తలుపు మూసుకోవడం పరాయి దేశంలో బతికే మనకు తెలియని సంగతి కాదు.

పని సాగకపోవడంతో ఆయన మృత సముద్రం ఒడ్డుకు వెళ్లి, లేవీయకాండము పదహారవ అధ్యాయంలో చెప్పిన, అరణ్యంలోకి విడిచిపెట్టే మేకను ఉప్పు నేల మీద నిలబెట్టి గీశాడు. దేవాలయపు చిత్రం 1860లో లండన్‌లో పూర్తయింది. మిగిలిన మోడళ్లను లండన్ యూదుల్లోనే వెదుక్కున్నాడు. దేవాలయం లోపలి భాగం కోసం సిడెన్‌హామ్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కట్టిన అల్‌హంబ్రా నమూనాను చూసి గీశాడు. ఉన్నది ఉన్నట్టు గీస్తానని అంత దూరం వెళ్లినవాడికి కూడా చివరికి కొంత ఊహ అవసరమైంది. ఆ చిత్రంలో చూడదగ్గది ఒకటుంది. గుమ్మం అవతల దేవాలయం ఇంకా కడుతూనే ఉన్నారు. తాపీ పనివారు ఒక రాయిని చెక్కుతున్నారు. వాకిట్లో ఒక గుడ్డివాడు అడుక్కుంటున్నాడు. దూరంగా ఒలీవల కొండ కనిపిస్తుంది. ఆ బాలుడే పెద్దవాడై ఆ కొండ దిగివస్తూ ఈ పట్టణాన్ని చూసి ఏడుస్తాడని తెలిసినవారికి ఆ దృశ్యం గుండెను పట్టేస్తుంది.

1865లో ఆయన ఫానీ వా అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఇద్దరూ తూర్పు దేశాలకు బయలుదేరారు. కలరా భయంతో దారులు మూసేయగా ఫ్లోరెన్స్‌లో ఆగిపోయారు. అక్కడ కొడుకు పుట్టిన కొద్ది వారాలకే ఫానీ చనిపోయింది. ఆమె సమాధికి రాతి పని ఆయనే చేశాడు. అంత దుఃఖం తర్వాత కూడా 1869లో మళ్లీ యెరూషలేము చేరాడు.

ఈసారి వడ్రంగి యేసును గీశాడు. పని ముగించి ఒళ్లు విరుచుకుంటూ ప్రభువు చేతులు చాపితే, వెనుక గోడ మీద పనిముట్ల పైన సిలువ నీడ పడుతుంది. మరియ ముఖం మనకు కనబడదు. ఆమె ఆ నీడనే చూస్తోంది. చెక్కపొట్టు మధ్య నిలబడిన ఆ శ్రామికుణ్ణి గీయడం కోసం పాత పనిముట్లను కూడా వెదికి పట్టుకున్నాడు. ఆ చిత్రం ఇప్పుడు మాంచెస్టర్‌లో ఉంది.

1892లో నాలుగోసారి వెళ్లినప్పుడు పరిశుద్ధ సమాధి ఆలయంలో ఈస్టరుకు ముందు జరిగే పరిశుద్ధ అగ్ని ఉత్సవాన్ని గీయడానికి పూనుకున్నాడు. అందులో జనం ఎగబడతారు, తొక్కిసలాట జరుగుతుంది, తుర్కీ సైనికులు అడ్డు నిలుస్తారు. క్యాలెండరుకు పనికివచ్చే బొమ్మ కాదది. పరిశుద్ధ పట్టణంలో కూడా మనుషులు మనుషులే అని అది చెబుతుంది.

వృద్ధాప్యంలో చూపు తగ్గింది. అయినా మరొకరి సాయంతో "లోకమునకు వెలుగు"ను పెద్దదిగా తిరిగి గీయించాడు. 1905 నుండి 1907 వరకు అది కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా దేశాలు తిరిగింది. జనం గుంపులు గుంపులుగా వచ్చి చూశారు. తర్వాత లండన్ సెయింట్ పాల్స్ కతీడ్రల్‌కు చేరింది. 1910 సెప్టెంబరు 7న హంట్ కన్నుమూశాడు. ఆయన అస్థికలు కూడా అదే కతీడ్రల్‌లో ఉంచారు.

గమనించారా? లోకమంతా తిరిగిన ఆ రూపాన్ని ఆయన యెరూషలేము చూడకముందే, ఒక ఆంగ్ల తోటలో కల్పించాడు. ప్రభువు తలుపు తట్టడానికి మనం పరిశుద్ధ పట్టణంలో ఉండనక్కర్లేదు. డల్లాస్‌లో అయినా, దోహాలో అయినా, డర్బన్‌లో అయినా మనం ఉన్నచోటికే ఆయన వస్తారు. అలాగని హంట్ ప్రయాణాలు వృథా కాలేదు. ప్రభువు నిజమైన నేల మీద నడిచారని, చెమటోడ్చి పనిచేశారని, తన జనుల మధ్య ఒకరిగా బతికారని ఆ ప్రయాణాల చిత్రాలు మనకు గుర్తుచేస్తాయి. యెరూషలేము కోసం ప్రార్థించేటప్పుడు రాళ్లను, గోపురాలను మాత్రమే తలచుకోకుండా, ఈనాటికీ అక్కడ భయంతో, ఆశతో బతుకుతున్న యూదులను, అరబ్బులను, మన తోటి విశ్వాసులను కూడా తలచుకుందాం.