అల్లూరి సీతారామరాజు – మన్యంలో తుపాకి చదువు

ఎన్.సి.సి. శిబిరానికి వెళ్లివచ్చిన విద్యార్థులకు .22 రైఫిల్ కొత్త కాదు. నేలపై బోర్లా పడుకొని, ఊపిరి బిగబట్టి, ఎదుట నిలిపిన కాగితాన్ని గురిచూచి కొట్టడమే అక్కడ మొదటి పాఠం. గురి నేర్పే సంఘాలలోనూ తుపాకులకు తరగతులు ఉంటాయి. పోటీకి వాడే రైఫిల్ ఒక తరగతి, వేట తుపాకి వేరొక తరగతి, సైనికుని రైఫిల్ ఇంకొక తరగతి. మన నర్సీపట్నానికి ఎగువనున్న గూడెం కొండలలో ఒకప్పుడు వేట తుపాకి పట్టిన చేతులు సర్కారు తుపాకిని పట్టవలసి వచ్చింది. ఆ చదువుకు పెద్దగా నిలిచినవాడు సైనికుడు కాదు, వేటగాడు కాదు. కాషాయం కట్టిన ఒక యువకుడు. ఆయన పేరు తెలియని తెలుగువాడుండడు. అయినను ఆయన జీవితాన్ని ఈ తుపాకుల వైపునుండి చూచినవారు తక్కువని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో జన్మించాడు. తండ్రి వెంకటరామరాజు, తల్లి సూర్యనారాయణమ్మ. 1908లో తండ్రి మరణించడంతో పినతండ్రి రామకృష్ణంరాజు ఆదరణలో పెరిగాడు. కాకినాడ, తుని, నరసాపురం, విశాఖపట్నం అంటూ చదువు ఊరూరా తిరిగింది గాని ఎక్కడా కుదురుకోలేదు. 1916లో ఉత్తరదేశ యాత్ర చేసి, 1917లో మన పొరుగుననే ఉన్న కృష్ణదేవిపేట చేరాడు. అక్కడ చిటికెల భాస్కరుడు ఆయనకు ఆత్మీయుడయ్యాడు. జపతపాలు, జ్యోతిషం, మూలికా వైద్యం తెలిసిన ఈ యువకుని కొండప్రజలు త్వరలోనే తమవానిగా స్వీకరించారు. కల్లు మానమన్నాడు, తగవులకు కోర్టులకు పోక పంచాయతీలలోనే తీర్చుకోమన్నాడు, వారు విన్నారు.

కొండల పరిస్థితి అప్పటికే పొగలు కక్కుతున్నది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పోడు వ్యవసాయానికి, కట్టెపుల్లకు, మేతకు కూడా ఆంక్షలు వచ్చాయి. తరతరాలుగా పన్ను వసూలు చేసి ఊళ్లను ఏలుకున్న ముఠాదారులు సర్కారు చేతిలో జీతగాళ్ల పాటి విలువ లేనివారయ్యారు. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేసే పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ జరిపిన దౌర్జన్యం అందరికీ తెలిసినదే. ఆరణాలు రావలసిన కూలివానికి రెండణాలు చేతిలో పెట్టేవారు. ఈనాడు చలికాలంలో మంచు చూడడానికి బస్సెక్కి లంబసింగి వెళ్లే మన విద్యార్థులు ఆ ఘాటు మలుపుల క్రింద ఆ నాలుగణాలు ఉన్నాయని గుర్తుంచుకోవలెను.

ప్రభుత్వానికి రాజుపై అనుమానం కలిగింది. 1922 ఆరంభంలో ఆయనను నర్సీపట్నం తీసుకువచ్చి కొన్నాళ్లు కాపలాలో ఉంచారు. పిదప అడ్డతీగల దగ్గర పైడిపుట్టలో భూమి ఇచ్చి, కనిపెట్టి ఉండే ఏర్పాటు చేశారు. ఆ సమయంలో ఆయనకు అండగా నిలిచినవాడు పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ గారు. సర్కారు ఉద్యోగంలో ఉండి కూడా ఈ యువకునిలో మంచిని చూచి, ఆదరించిన మనిషి ఆయన. నేపాలు యాత్రకు పోతానని చెప్పి, ఆ అభిమానం వలన అనుమతి పొంది, 1922 జూన్ నాటికి రాజు మళ్లీ గూడెం కొండలలో తేలాడు. ఇది నమ్మకద్రోహమా, దేశకార్యమా అని మా మిత్రులలో వాదన జరిగినది. రాజు పక్షాన ఎంత చెప్పినా, తనను నమ్మిన ఒక సజ్జనునికి ఆయన మాట తప్పిన సంగతి మిగిలే ఉన్నది. చరిత్ర పుస్తకాలు ఖాన్ గారి పేరును ఒక పంక్తిలో దాటివేయడం మాకు న్యాయంగా తోచదు.

ఇక తుపాకుల సంగతి. కొండవాని చేతిలో విల్లంబులు, బరిసె, అక్కడక్కడ నాటు తుపాకి ఉండేవి. నాటు తుపాకి గొట్టంలో ముందువైపు నుండి మందు దట్టించి, రవ్వలు పోసి, పుల్లతో కూరి పేల్చవలెను. ఒక దెబ్బ తప్పితే రెండవ దెబ్బకు వ్యవధి కావలెను. మందు చెమ్మగిలితే పేలదు. పేలితే లేచిన పొగ పేల్చినవాని చోటును చాటిచెప్పును. గొట్టం లోపల నునుపుగా ఉండుటచేత దూరం పోయినకొద్దీ గుండు దారి తప్పును. రైఫిల్ గొట్టంలో మెలిదిరిగిన గాళ్లుంటాయి; అవి గుండును బొంగరంలా త్రిప్పి పంపుటచేత అది వందల గజాలు సూటిగా పోవును. ఆనాడు సేనలు వాడిన .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో ఒక్కసారే పది తూటాలు నింపవచ్చును. ఈ తేడా తెలియనిదే రాజు చేసిన సాహసం ఎంతటిదో అంచనాకు రాదు.

తుపాకులు కొనుటకు ధనం లేదు, తెచ్చుకొనుటకు దారి లేదు. కనుక సర్కారు తుపాకులే సర్కారుకు ఎదురు కావలెనని రాజు నిశ్చయించాడు. 1922 ఆగస్టు 22న సుమారు మూడు వందల మంది అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై పడ్డాడు. 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు దొరికాయి. తీసుకుపోయిన సామగ్రి అంతా స్టేషను రికార్డులో వ్రాసి, క్రింద తన సంతకం చేశాడు. దొంగతనం కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? మరునాడు కృష్ణదేవిపేటలో 7, ఆ మరునాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు చిక్కాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. మూడు రోజులకు 26 తుపాకులు, రెండు వేల అయిదు వందలకు పైగా తూటాలు. ఒక సామ్రాజ్యంతో యుద్ధానికి ఇదే మొత్తం పెట్టుబడి.

ఈ తుపాకులను కొండవారు ఏ కవాతు మైదానంలోనూ నేర్వలేదు. అయితే వారికి అంతకంటె కష్టమైన విద్య ముందే వచ్చును. మాటు వేసి గాలి ఎటు వీచుచున్నదో చూచుట, అడుగు చప్పుడు వినుట, జంతువు దగ్గరకు వచ్చువరకు ఓర్చుట, ఒక్క దెబ్బతో పని తీర్చుట. తూటా ఒక్కటి వృథా అయినా మరొకటి రాదని తెలిసినవానికే గురి విలువ తెలియును. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ఈ విద్య బయటపడింది. ఇరుకు దారిలో వరుసగా వస్తున్న దళంలో ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చారు. వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు కూలిపోయారు. తన దేశస్థుని చంపకూడదన్నది రాజు నియమం. చేతిలో తుపాకి, ఎదుట శత్రుదళం ఉండి, ఎవరిని కొట్టకూడదో కూడా ఎంచుకొని నిలిచిన ఆ నిగ్రహమే మాకు దామనపల్లిలో అన్నిటికంటె గొప్పగా కనిపిస్తుంది.

పిమ్మట రాజు ముందుగా కబురు పంపి మరీ రావడం మొదలుపెట్టాడు. మిరపకాయ టపా అని జనం చెప్పుకొనేది దానినే. అక్టోబరు 15న అడ్డతీగలకు, ఆపైన రంపచోడవరానికి బాహాటంగా వచ్చాడు. జనం దర్శనానికి మూగారు. తుపాకులు మాత్రం దొరకలేదు. పోలీసులు అప్పటికే జాగ్రత్తపడ్డారు. ముందుగా చెప్పిరావడం వీరోచితమే కావచ్చును గాని, తూటాలు కరిగిపోతున్న దళానికి అది నష్టమే అయినదని మా అభిప్రాయం.

మలబారు పోలీసు దళాలు దిగాయి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం పొలాలలో నేరుగా జరిగిన పోరులో రాజు పక్షం దెబ్బతిన్నది. చెట్టుచాటున పులివంటివాడు కోతకోసిన పొలంలో ఏమి చేయగలడు? మాటు లేనిచోట సుశిక్షితుల రైఫిలుదే పైచేయి. కొన్ని నెలలు అజ్ఞాతంలో గడిపి 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో కనిపించాడు. ధైర్యశాలి అగ్గిరాజు పట్టుబడి అండమానుకు పోయాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా నియమితుడయ్యాడు. ఇక అణచివేత అంతా ఊళ్ల మీదనే సాగింది. రాజు జాడ చెప్పని గ్రామస్థులు పడిన బాధలకు లెక్క వ్రాసి సంతకం పెట్టినవారు ఎవరూ లేరు.

1924 మే 7న మంప దగ్గర రాజు సర్కారు చేతికి చిక్కాడు. ప్రజల హింసను చూడలేక తానే లొంగిపోయాడని కొండలలో చెప్పుకుంటారు. తామే పట్టుకున్నామని ప్రభుత్వం వ్రాసుకొన్నది. కొయ్యూరు తీసుకుపోయి, విచారణ లేకుండా, చెట్టుకు కట్టి మేజర్ గుడాల్ కాల్పించాడు. పారిపోబోతుంటే కాల్చామన్నది సర్కారు మాట. కట్టివేసిన మనిషిని కొట్టుటకు గురితో పని లేదు. అప్పటికి ఆయనకు ఇరవైయేడేళ్లు నిండలేదు. మరునాడు కృష్ణదేవిపేటలో దహనం చేశారు.

గాం గంటందొర జూన్‌లో పోరాడుతూనే మరణించాడు. ఆయన తమ్ముడు మల్లుదొరకు మొదట ఉరిశిక్ష పడి, తరువాత ద్వీపాంతరవాసంగా మారింది. అండమాను నుండి బ్రతికి వచ్చిన ఆ మల్లుదొర 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం నుండి గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. రాజు సమాధి, గాం సోదరుల సమాధులు కృష్ణదేవిపేటలో ఒకేచోట ఉన్నాయి. మన ఊరినుండి ఒక పూటలో వెళ్లిరావచ్చును.